నార్‌ఫోక్ నుంచి మయామీకి తెరచాప పడవ: పోటుపాట్ల లెక్కతో 1,090 మైళ్లు

అమెరికా తూర్పు తీరంలో సముద్రాన్ని ఆనుకుని, లోపలి పక్కగా ఒక నీటిదారి ఉంది. నదులు, పాయలు, ఉప్పుటేర్లు, వాటి మధ్య తవ్విన కాలువలు కలిసి ఒక్క దారి అయ్యాయి. దాని పేరు అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే, పడవలవాళ్ల నోట ఐసీడబ్ల్యూ. వర్జీనియాలోని నార్‌ఫోక్ దగ్గర మైలు 0 మొదలై మయామీ చేరేసరికి సుమారు 1,090 అవుతుంది. ఇవి నేల మీద లెక్కించే మైళ్లు, సముద్రపు నాటికల్ మైళ్లు కావు. ప్రయాణం ప్లాన్ చేసేటప్పుడు చాలామంది తప్పేది మొదట ఇక్కడే. 6 నాట్లతో (గంటకు 6 నాటికల్ మైళ్లు) వెళ్లే పడవ గంటకు దాదాపు 6.9 నేల మైళ్లు నడుస్తుంది.

చీరాల, ఒంగోలు, కావలి వైపు వాళ్లకు ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. పెదగంజాం నుంచి మద్రాసు మీదుగా మరక్కాణం దాకా సాగే బకింగ్‌హాం కాలువనూ ఇందుకే తవ్వారు. సరుకు పడవలు సముద్రపు అలల బారిన పడకుండా తీరం వెంటే నడవాలన్నది ఉద్దేశం. రెండింటికీ ఉన్న జబ్బు కూడా ఒకటే. ఉప్పుటేరు సముద్రంలో కలిసే మొగ ఎక్కడ ఉంటే అక్కడ ఇసుక మేట వేస్తుంది. అందుకే తెరచాప పడవ మీద వెళ్తున్నా, ఈ దారిలో గాలి లెక్క తర్వాత, నీళ్ల లెక్క ముందు.

మా పడవ పొడవు 34 అడుగులు. నీటిలోకి 5 అడుగులు దిగుతుంది, నీటిమట్టం నుంచి తెరచాప స్తంభం కొనకు 52 అడుగులు. ఇంజన్ 30 హార్స్‌పవర్ డీజిల్. బయల్దేరే ముందు ఈ కొలతలన్నీ మీరే తీసుకోండి, తయారీదారు కాగితాన్ని నమ్మొద్దు. ట్యాంకుల్లో నీళ్లు, డీజిల్ నింపి, తిండి సామాను ఎక్కించాక మా పడవ కాగితం మీది లెక్క కంటే 3 అంగుళాలు ఎక్కువ దిగింది. స్తంభం ఎత్తు కొలవాలంటే తెరచాప ఎత్తే తాడుకు టేపు కట్టి పైకి లాగి, పైన ఉండే రేడియో యాంటెన్నా, గాలి సూచికల ఎత్తును విడిగా కలపాలి. లోతు చూపే మీటర్ ఎక్కడి నుంచి కొలుస్తోందో కూడా తేల్చుకోవాలి. కొన్ని నీటి ఉపరితలం నుంచి, కొన్ని కీల్ (పడవ అడుగున నీటిలోకి దిగి ఉండే రెక్క) కింది నుంచి, కొన్ని అడుగున బిగించిన సెన్సర్ దగ్గర్నుంచి చూపిస్తాయి. తాడుకు బరువు కట్టి ఒకసారి లోతు కొలిచి సరిచూసుకుంటే ఆ అనుమానం తీరిపోతుంది.

ఈ దారి మీద కదలని వంతెనలకు కింద ఉండాల్సిన ఎత్తు 65 అడుగులు. అది సగటు పోటు (నీరు నిండుగా ఎక్కిన వేళ) మట్టం నుంచి లెక్క, కాబట్టి పాటులో (నీరు దిగిన వేళ) ఇంకాస్త ఖాళీ దొరుకుతుంది. రెండు చోట్ల మాత్రం లెక్క మారుతుంది. మైలు 126 దగ్గర విల్కర్సన్ వంతెన 64 అడుగులే. మయామీలో జూలియా టటిల్ వంతెన అయితే 56 అడుగులే. అక్టోబరు, నవంబరుల్లో అమావాస్య, పౌర్ణమి పోట్లకు ఈశాన్యపు గాలి తోడైతే నీరు మామూలు కంటే అడుగో రెండడుగులో పైకొస్తుంది. ఎత్తు స్తంభాల పడవలు వంతెన కాలి దగ్గరున్న కొలబద్ద చదవకుండా ముందుకు పోకూడదు.

నార్త్ కరోలినా ఉత్తర భాగంలో చంద్రుడి పోటుపాట్లు దాదాపు లేవు. తీరానికి అడ్డంగా ఉన్న ఇసుక దీవుల మధ్య మొగలు కొద్దిగానే ఉండటంతో లోపలి జలాలకు సముద్రపు పోటు అందదు. అక్కడ నీటిమట్టాన్ని మార్చేది గాలి. కరిటక్ జలాల్లో దక్షిణపు గాలి రెండు రోజులు వీస్తే మట్టం పెరుగుతుంది, ఉత్తరపు గాలికి తగ్గుతుంది. అందువల్ల విల్కర్సన్ దగ్గర పాటు కోసం ఎదురుచూడటంలో అర్థం లేదు. గడిచిన రెండు రోజుల గాలి ఎటు వీచిందో చూసుకోవాలి.

దారిలో పేరుకు తెరచాప పడవే గానీ ఎక్కువ గంటలు నడిచేది ఇంజనే. కాలువలు ఇరుకు, మలుపులు ఎక్కువ, వంతెనలకు వేళలు ఉంటాయి. 1,090 మైళ్లకు మా లెక్క 160 ఇంజన్ గంటలు. గంటకు 2.5 లీటర్ల చొప్పున 400 లీటర్ల డీజిల్. సౌత్ కరోలినాలోని బోఫర్ట్ మైలు 536 దగ్గర, అంటే దాదాపు సగం దారిలో ఉంటుంది. ఇంజన్ ఆయిల్ అక్కడ మార్చాం. పెద్ద జలాశయాల్లో, వెడల్పు నదుల్లో గాలి పక్క నుంచి వచ్చినప్పుడు ముందు తెరచాప ఒక్కటి విప్పితే చాలు, వేగం అర నాటు నుంచి ఒక నాటు దాకా పెరిగి డీజిల్ మిగులుతుంది. నవంబరులో పగటి వెలుగు 10 గంటలకు కాస్త ఎక్కువ. రోజుకు 50 మైళ్లు మించి పెట్టుకోకండి. నడిచే రోజులు 22 నుంచి 25, వాతావరణం ఆపే రోజులతో కలిపి ఐదారు వారాలు. తుపాను సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా ఉంటుంది. ఏ తేదీ లోపల ఏ అక్షాంశం దాటి దక్షిణానికి పోకూడదో పడవ బీమా షరతుల్లో రాసి ఉండొచ్చు. తేదీ పెట్టుకునే ముందు అది చదవాలి.

నార్‌ఫోక్ నుంచి రెండు దారులు. ఒకటి గ్రేట్ బ్రిడ్జ్ లాకుల మీదుగా, రెండోది డిస్మల్ స్వాంప్ కాలువ మీదుగా. డిస్మల్ కాలువ 1805లో తెరిచింది, బానిసలుగా పట్టి తెచ్చినవారి చేతులతో తవ్వించింది. 22 మైళ్లు అటూ ఇటూ చెట్లు వంగిన ఆ నీటి మీద వెళ్తున్నంతసేపూ ఆ సంగతి మనసులో ఉండాలని నా కోరిక. అక్కడ లోతు 6 అడుగులు. అడుగున మొద్దులు, నీటి మీద పచ్చటి నాచు ఉంటాయి. ఆ నాచు ఇంజన్ చల్లబరిచే నీటి జల్లెడలో పేరుకుని ఇంజన్ వేడెక్కుతుంది, కాబట్టి ప్రతి లాకు దగ్గరా జల్లెడ విప్పి కడగాలి. 5 అడుగులు దిగే పడవకు ఆ కాలువ చాలు, 5 అడుగుల 6 అంగుళాలు దాటితే గ్రేట్ బ్రిడ్జ్ దారే మంచిది. తుపాన్ల తర్వాత డిస్మల్ చాలా రోజులు మూతపడటం కూడా ఉంది. ముందు ఫోన్ చేసి కనుక్కోవాలి.

లాకుల్లో పని కష్టం కాదు. గ్రేట్ బ్రిడ్జ్ దగ్గర మట్టం తేడా రెండు మూడు అడుగులే, డిస్మల్ లాకుల్లో 8 అడుగుల దాకా. లాకు మాస్టర్ చెప్పిన గోడ పక్కకు చేరి, ముందొక తాడు, వెనకొక తాడు దరి మీది కొక్కేనికి చుట్టి, చివర పడవలోకి తెచ్చి చేతిలో పట్టుకోవాలి. పడవకు ముడి వేశారంటే, నీరు దిగేటప్పుడు పడవ తాడుకు వేలాడుతుంది.

ఆల్బెమార్ల్ సౌండ్ అనే వెడల్పు జలాశయం చూడటానికి సరస్సులా ఉంటుంది, దాటటానికి 14 మైళ్లు. లోతు తక్కువ కావడంతో 15 నాట్ల గాలికే పొట్టి, నిట్టనిలువు అలలు లేస్తాయి. అక్కడ ఇంజన్ ఆగిపోవడానికి ఎక్కువగా కారణం డీజిల్ ట్యాంకు అడుగున ఏళ్ల తరబడి పేరుకున్న మడ్డి. కుదుపుకు అది కలిసిపోయి ఫిల్టర్‌ను మూసేస్తుంది. ఇంజన్ వేగం దానంతట అదే తగ్గుతూ పెరుగుతూ ఉంటే అదే మొదటి గుర్తు. ఫిల్టర్లు కనీసం నాలుగు అదనంగా ఉంచుకోవాలి. ట్యాంకు కవాటం మూసి, పాతది తీసి, కొత్తదాన్ని శుభ్రమైన డీజిల్‌తో నింపి బిగించి, గాలి తీసే స్క్రూ వదులు చేసి, చేతి పంపుతో బుడగలు పోయేదాకా కొట్టాలి. రేవులో కట్టి ఉన్నప్పుడు రెండుసార్లు చేసి చూసినవాళ్లకు నీటి మీద పది నిమిషాల పని. గాలి 15 నాట్లు దాటుతుందంటే మేం దాటలేదు, అంతే.

వంటకు ప్రెషర్ కుక్కర్‌ని మించింది లేదు. మూత బిగిసి ఉంటుంది కనుక పడవ ఊగినా అన్నం, పప్పు ఒలకవు, గ్యాస్ కూడా సగమే అవుతుంది.

దక్షిణానికి వెళ్తున్నప్పుడు ఎరుపు గుర్తులు కుడి చేతికి, ఆకుపచ్చ ఎడమ చేతికి ఉండాలి. కేప్ ఫియర్ లాంటి నదుల్లో, మొగల దగ్గర ఈ దారి ఓడల దారితో కలిసినప్పుడు రంగులు తారుమారవుతాయి. అప్పుడు నమ్మాల్సింది గుర్తుల మీద అతికించిన చిన్న పసుపు ముద్రల్ని. దక్షిణానికి వెళ్లేవారికి పసుపు త్రికోణం ఎప్పుడూ కుడి చేతికి, పసుపు చతురస్రం ఎడమ చేతికి. అది ఆకుపచ్చ గుర్తు మీద ఉన్నా సరే. ఈ ఒక్క నియమం తెలియక ఇసుక ఎక్కిన పడవలు చూశాం. ముందు గుర్తుకు సూటిగా చూస్తూ పోవడం కూడా చాలదు. పక్క నుంచి వచ్చే ప్రవాహం పడవను తెలియకుండా దారి పక్కకు తోస్తుంది. వెనక్కి తిరిగి దాటొచ్చిన గుర్తును, ముందున్న గుర్తును కలిపి గీత ఊహించుకుంటే ఎంత పక్కకు పోయామో తెలుస్తుంది. మలుపుల్లో లోతు బయటి వంపు వైపు ఉంటుంది, లోపలి వంపులో మేట.

ఎత్తే వంతెనలకు రేడియోలో వర్జీనియా, నార్త్ కరోలినాల్లో ఛానల్ 13, సౌత్ కరోలినా నుంచి ఫ్లోరిడా దాకా ఛానల్ 9. ముందు వంతెన పేరు, తర్వాత పడవ పేరు, ఎటు వెళ్తున్నారో, ఎంత దూరంలో ఉన్నారో చెప్పాలి. ఆ ఛానల్ మీద నాలుగైదు వంతెనలు వింటుంటాయి, పేరు చెప్పకపోతే ఎవరూ పలకరు. గంటకో అరగంటకో తెరిచే వంతెనలకు ముందు రోజే వేళలు రాసుకుని, వేగం దానికి సర్దుకోవాలి. వంతెన ముందు ప్రవాహంలో పడవను నిలిపి ఉంచడం కంటే రెండు మైళ్ల ముందే వేగం తగ్గించడం సులువు. ప్రవాహం వెనక నుంచి తోస్తుంటే మరీ దూరంగా ఆగండి. వెనక్కి గేరు వేస్తే మా పడవ ముక్కు ఎప్పుడూ ఎడమకు తిరిగేది, ఇరుకు చోట ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి.

మర్టిల్ బీచ్ దగ్గర మైలు 347 నుంచి కొన్ని మైళ్ల పాటు కాలువను రాతిలో తొలిచారు. అడుగున, రెండు పక్కలా రాతి అంచులు. మిగతా దారిలో కీల్ తగిలితే బురద, ఇక్కడ తగిలితే ఫైబర్‌గ్లాస్ పగులుతుంది. ఎదురుగా పెద్ద బార్జ్ (సరుకు పడవ) వస్తే తప్పుకునే చోటు లేదు, కాబట్టి లోపలికి వెళ్లే ముందు ఛానల్ 16 మీద, 13 మీద మనం ఎక్కడున్నామో ప్రకటించి జవాబు కోసం ఆగాలి. పాటులో రాళ్లు బయటపడి కనిపిస్తాయి, పోటులో నీటి కింద దాగుంటాయి. మేం పాటు చూసుకుని మధ్య గీత మీద వెళ్లాం.

ఇక జార్జియా. చాలామంది చార్ల్‌స్టన్ దగ్గర సముద్రంలోకి వెళ్లి, సెయింట్ మేరీస్ మొగ దగ్గర లోపలికి వచ్చి, ఈ రాష్ట్రాన్ని మొత్తం దాటేస్తారు. వాతావరణం కుదిరితే అదీ మంచి దారే. కానీ ఈ జలమార్గాన్ని లోతుగా నేర్పేది జార్జియానే అని నా గట్టి నమ్మకం. పోటుపాట్ల మధ్య తేడా ఇక్కడ మామూలు రోజుల్లో 6 నుంచి 7 అడుగులు, అమావాస్య పౌర్ణములకు 8 నుంచి 9. కనుచూపు మేర ఉప్పు గడ్డి. పాటులో గడ్డి వేళ్ల కిందున్న బురద గోడలు బయటపడి, దారి ఎంత ఇరుకో తెలుస్తుంది.

లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్, హెల్ గేట్ అనే చోట్లు పాటులో 5 అడుగుల పడవకు కష్టం. లెక్క ఇలా వేశాం. పోటు ఎక్కే ఆరు గంటల్లో నీరు సమంగా పెరగదు. మొత్తాన్ని 12 భాగాలు చేస్తే మొదటి గంటలో 1 భాగం, రెండో గంటలో 2, మూడు నాలుగు గంటల్లో మూడేసి, ఐదో గంటలో 2, ఆరో గంటలో 1. తేడా 7 అడుగులైతే, పాటు ముగిసిన రెండు గంటలకు పెరిగేది 1.75 అడుగులు, మూడు గంటలకు 3.5. ఉదయం 7 గంటలకు పాటు ముగిస్తే లిటిల్ మడ్‌లోకి 10 గంటలకు అడుగుపెట్టాలి. లంగరు వేసిన చోటు 20 మైళ్ల దూరంలో ఉంటే 7కే బయల్దేరాలి. అప్పుడు కీల్ తగిలినా ఫర్వాలేదు, ఇంకా మూడు గంటలు నీరు పెరుగుతుంది, తనే లేపుతుంది. నిండు పోటులో లోతు ఎక్కువ కదా అని అప్పుడు వెళ్లేవాళ్లు తప్పు చేస్తున్నారు. అప్పుడు ఎక్కితే తర్వాతి పోటు దాకా 12 గంటలు పక్కకు ఒరిగి పడుండాలి. పౌర్ణమి పోటు మీద ఎక్కితే మరీ కష్టం, ఆ తర్వాత పోట్లు రోజురోజుకూ తగ్గుతూ వస్తాయి.

ప్రవాహం లెక్క వేరు. నీటి ఎత్తు తిరిగిన క్షణమే ప్రవాహం తిరగదు, దానికి వేరే పట్టిక ఉంది. ఒక మొగ వైపు వెళ్తున్నప్పుడు పాటు మనల్ని తోస్తుంది, మొగ దాటగానే అదే పాటు ఎదురొస్తుంది. పాటు చివర మొగ చేరితే ఇటు పాటు, అటు పోటు రెండూ మన వైపే. కానీ మొగ దగ్గరే మేట, పాటు చివర లోతు అతి తక్కువ. రెండూ ఒకేసారి కుదరవు. వేగం పోయినా సరే, మేం ఎప్పుడూ లోతునే ఎంచుకున్నాం. సెయింట్ ఆండ్రూ సౌండ్ దగ్గర దారి ఇసుక తిప్పలను తప్పించుకుంటూ దాదాపు సముద్రంలోకి పోయి తిరుగుతుంది. అక్కడ తూర్పు గాలికి పాటు ఎదురైతే అలలు నిలువుగా లేస్తాయి. గాలి 15 నాట్లు దాటితే జెకిల్ దీవి దగ్గర ఆగిపోవడం మేలు.

కీల్ తగిలినప్పుడు మొదటి పని ఇంజన్‌ను న్యూట్రల్‌లో పెట్టడం. ముందుకు గట్టిగా తోస్తే ఇంకా పైకి ఎక్కుతుంది. నీరు పెరుగుతోందా తగ్గుతోందా చూడండి. పెరుగుతుంటే లంగరు దించి కూర్చోండి. తగ్గుతుంటే నిమిషాల్లో పని జరగాలి. చుక్కాని తిన్నగా పట్టుకుని, వచ్చిన దారినే పది, పదిహేను సెకన్లు వెనక్కి లాగాలి. కదలకపోతే తెరచాప అడ్డకొయ్యను ఒక పక్కకు పూర్తిగా చాపి, దాని మీద ఒకరు బరువు వేస్తే పడవ ఒరిగి కొన్ని అంగుళాలు పైకి వస్తుంది. అదీ చాలకపోతే చిన్న పడవలో రెండో లంగరును లోతు వైపు 100 అడుగులకు పైగా తీసుకెళ్లి వేసి, విన్చ్‌తో (తాడు చుట్టి లాగే చక్రం) లాగాలి. బురదలో ఇంజన్ ఎక్కువసేపు తిప్పితే ఆ బురదే చల్లబరిచే పంపులోకి పోయి రబ్బరు ఇంపెల్లర్‌ను అరగదీస్తుంది. బయటపడ్డాక జల్లెడ కడిగి, ఎగ్జాస్ట్ నుంచి నీళ్లు ఎప్పట్లా వస్తున్నాయో లేదో చూడాలి. టోయింగ్ పడవను పిలిస్తే, తాడు అందుకునే ముందే రేడియోలో ఒక ప్రశ్న అడగండి: ఇది లాగడం కింద లెక్కా, సాల్వేజ్ (ప్రమాదం నుంచి కాపాడటం) కింద లెక్కా? రెండోదైతే బిల్లు పడవ విలువ మీద వేస్తారు. టోయింగ్ సంస్థలో ఏడాది చందా కట్టిన సభ్యత్వం ఈ ప్రయాణానికి తప్పనిసరి ఖర్చని నా అభిప్రాయం.

లంగరు లెక్క కూడా పోటును బట్టే. పాటులో 10 అడుగుల లోతు, పోటుకు 8 పెరుగుతుంది, నీటి నుంచి పడవ ముక్కుకు 4 అడుగులు. మొత్తం 22. దానికి 5 రెట్లు 110 అడుగుల గొలుసు, గాలి గట్టిగా ఉంటే 7 రెట్లు, అంటే 154. పాటులో వేసి చూసిన లోతుకే లెక్కగడితే అర్ధరాత్రి పోటుకు లంగరు పట్టు వదులుతుంది. రోజుకు నాలుగుసార్లు ప్రవాహం తిరుగుతుంది, పడవా తిరుగుతుంది. పాటు మట్టంలో ఆ చుట్టు అంతా లోతు ఉండేలా చోటు చూసుకోవాలి.

ఫ్లోరిడాలో నీటి కష్టం తగ్గి వంతెనల కష్టం మొదలవుతుంది. మటాంజస్ మొగ దగ్గర మేట, మానటీలు (నెమ్మదిగా ఈదే పెద్ద నీటి జంతువులు) తిరిగే చోట్ల వేగ పరిమితులు తప్పిస్తే దారి సులువు. లేక్ వర్త్ నుంచి మయామీ దాకా వరసగా వంతెనలే. వాటిని తప్పించుకుని సముద్రం మీదుగా పోయేవాళ్లు తీరానికి ఒకటి రెండు మైళ్ల లోపే ఉండాలి, అది దాటితే ఉత్తరానికి పారే గల్ఫ్ స్ట్రీమ్ మూడు నాట్లు వెనక్కి లాగుతుంది. ఉత్తరపు గాలి వీచే రోజు అసలు వెళ్లొద్దు. 56 అడుగులు మించిన స్తంభం ఉన్నవాళ్లు జూలియా టటిల్ వంతెనకు ముందే, ఫోర్ట్ లాడర్‌డేల్ దగ్గర సముద్రంలోకి తప్పుకోవాలి.

మయామీ చేరాక పడవ ముక్కుకు అటూ ఇటూ గోధుమరంగు మీసంలా మరక ఉంటుంది. నార్త్ కరోలినా చిత్తడి అడవుల ఆకుల రంగు అది. సబ్బుకు పోదు. కొద్దిగా ఉంటే నిమ్మరసం రాసి ఎండలో పది నిమిషాలు ఉంచితే చాలు. ముదిరితే ఆక్జాలిక్ ఆసిడ్ ఉన్న క్లీనర్, చేతికి గ్లవ్స్, ఐదు నిమిషాల తర్వాత ధారాళంగా మంచినీళ్లు.